ఉక్కు రవిక ఎవరి కొలతకు?

పాకిస్తాన్ కళాకారిణి నైజా ఖాన్ 2008లో ఒక కవచం తయారుచేశారు. దాని పేరు 'ఝాన్సీ రాణికి కవచం'. గాల్వనైజ్డ్ ఉక్కురేకు, ఈకలు, తోలు కలిపి చేసిన పని. దాన్ని బొమ్మ అనాలో బట్ట అనాలో వెంటనే తేలదు. ఆడమనిషి ఒంటి ఒంపును బట్టి రేకును వంచారు గనక తొడుక్కోవచ్చు అనిపిస్తుంది. తొడుక్కుంటే మాత్రం హాయిగా కూచోవడం ఉండదు, వంగడం ఉండదు, నిండా ఊపిరి పీల్చడం కూడా ఉండదు. 2005 తర్వాత మూడు నాలుగేళ్లు ఆమె ఇట్లాంటివే వరసగా చేశారు. లోదుస్తులు, లంగాలు, తాళం వేసే నడుం పట్టీలు, అన్నీ లోహంతోనే. కళావిమర్శలో వీటిని తొడుక్కునే శిల్పాలు అంటున్నారు. ఆడదాని అందం గురించి సమాజం గీసిపెట్టిన గీతల మీద ఇవి పదునైన వ్యాఖ్య అని పేరొచ్చింది. ఆ పేరు న్యాయంగా వచ్చిందే.

దళిత అధ్యయనాల పత్రికలో కరాచీ కళ గురించి ఎందుకు అని ఎవరైనా అడగొచ్చు. అడగాలి కూడా. ఇట్లాంటి శిల్పాల్ని ప్రదర్శనశాలల్లో, సెమినార్లలో పరిచయం చేసేటప్పుడు తరచుగా 'దక్షిణాసియా స్త్రీ' అనే ఒక్క మాట వాడతారు. దక్షిణాసియా స్త్రీ శరీరం, దక్షిణాసియా స్త్రీ మీద కట్టడి, దక్షిణాసియా స్త్రీ అందం. ఆ ఒక్క మాటలో మన తల్లులు ఉన్నారా లేరా అన్నది నా ప్రశ్న. ఉంటే ఏ మూలన ఉన్నారు? లేకపోతే ఆ మాటకు అంత వెడల్పు ఎట్లా వచ్చింది? ఈ శిల్పాల్ని నేను ఫోటోల్లోనే చూశాను. అయినా అడగడానికి ఆ ఫోటోలు చాలు.

మెచ్చుకోవాల్సింది ముందు మెచ్చుకుందాం. ఈ వరసకు నైజా ఖాన్ పెట్టిన పేరుకు 'స్వర్గపు నగలు' అని అర్థం. ఉర్దూలో 'బెహిష్తీ జేవర్' అనే ప్రసిద్ధ గ్రంథం ఉంది. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ (1863-1943) ముస్లిం ఆడవాళ్ల కోసం ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాశారు. నమాజు ఎట్లా చెయ్యాలి, శుద్ధి ఎట్లా పాటించాలి, ఉత్తరం ఎట్లా రాయాలి, భర్తతో ఎట్లా మెలగాలి, అన్నీ అందులో ఉంటాయి. పెళ్లయి అత్తారింటికి పోయే పిల్లకు దాన్ని కానుకగా ఇచ్చే ఆచారం చాలా ఇళ్లలో ఉండేది. ఆడదానికి అసలు నగ బంగారం కాదు, సద్గుణమే నగ అన్నది ఆ పేరులోని భావం. తెలుగులో పతివ్రతాధర్మాలు బోధించే పుస్తకాలు చదివినవాళ్లకు ఈ వరస కొత్తగా ఉండదు. నైజా ఖాన్ చేసిందల్లా ఆ మాటను అక్షరాలా పట్టుకోవడం. సద్గుణమే నగ అంటున్నారు గదా, అయితే ఆ నగను ఇనుముతో చేసి ఒంటికి తగిలిస్తే ఎంత బరువుంటుందో చూడండి అన్నారు. పుస్తకంలో తేలిగ్గా చదువుకునే మాట శిల్పంలో కిలోల లెక్కన వేలాడుతుంది.

ఇంకో తెలివి కూడా ఉంది. కవచం అంటే యుద్ధంలో దెబ్బ తగలకుండా వేసుకునేది. లోదుస్తు అంటే పడకటింటి అందానికి వేసుకునేది. ఈ రెంటినీ ఒకే రేకులో కలిపేసరికి ఇది కాపాడుతున్నదా బంధిస్తున్నదా అని చూసేవాడు తికమక పడతాడు. సన్నని నడుము, ఎత్తయిన రొమ్ము, నున్నని ఒంపు అనే కొలతలు ముందే సుత్తితో కొట్టి స్థిరం చేసి ఉన్నాయి. లోపలికి ఏ మనిషి వచ్చినా ఆ కొలతకు తగ్గి రావాల్సిందే. మన ప్రబంధ కవులు నాయిక నడుము ఉందో లేదో తెలియనంత సన్నం అని వర్ణించారు. ఆ నడుముతో వరినాట్లు వెయ్యడం సంగతి అట్లా ఉంచండి, చంకన బిందె పెట్టుకోవడం కూడా కుదరదు. నైజా ఖాన్ ఆ కవుల్ని చదివి ఉండరు గానీ, ఆ వర్ణనను లోహంలోకి దించితే ఎంత అమానుషంగా ఉంటుందో మాత్రం చూపించారు. లోపల మనిషి లేని ఖాళీ రేకు అట్లా నిలబడి ఉండడమే ఆ విమర్శలోని బలం.

సరిగ్గా ఆ ఖాళీ దగ్గరే మన పేచీ మొదలవుతుంది. ఆ ఖాళీలో ఎవరు ఉండాల్సింది? రేకు వంపును బట్టి చూస్తే లోపలి స్త్రీ ఎవరో తెలుస్తుంది. ఇంట్లో దాచిపెట్టబడేది, ఎవరి కన్నూ పడకుండా కాపాడబడేది, పెళ్లికి పుస్తకమూ నగలూ కానుకగా అందుకునేది. ఆమె బాధ నిజం. ఆమె ఊపిరాడనితనం నిజం. కానీ ఆమె బాధకు మూలం శరీరాన్ని అతిగా కాపాడడంలో ఉంది. కాపాడదగినదని ఎవరూ ఎన్నడూ అనుకోని శరీరం సంగతి ఏమిటి?

ఈ వాదం తెలుగులో మనం ఒకసారి చేసిందే. జయప్రభ 'పైటను తగలెయ్యాలి' కవిత రాసినప్పుడు ఎంత రగడ అయిందో పెద్దవాళ్లకు గుర్తుంటుంది. 1993లో 'నీలిమేఘాలు' సంకలనం వచ్చాక స్త్రీవాద కవిత్వం మీద తిట్లూ పొగడ్తలూ రెండూ గట్టిగానే నడిచాయి. పైట ఆడదాని రొమ్మును సిగ్గుపడాల్సిన వస్తువుగా మార్చే గుడ్డ అన్నది ఆ వాదం. ఆ వాదానికి ఎదురొచ్చిన మగ విమర్శకుల్లో ఎక్కువమంది సంప్రదాయం పేరుతో వచ్చారు, వాళ్లతో మనకు పనిలేదు. తర్వాత జూపాక సుభద్ర కొంగు మీద కవిత రాశారు. అందులో కొంగు సిగ్గుకో అందానికో గుర్తు కాదు, కష్టంలో వెంట ఉండే మనిషి లాంటిది. చెమట తుడుచుకునేదీ అదే, నెత్తిన గంప కింద చుట్టగా పెట్టుకునేదీ అదే, కూలి గింజలు మూటగట్టుకునేదీ అదే, పొలం గట్టున పిల్లను పడుకోబెట్టేదీ అదే. దాన్ని తగలేస్తే రేపు పనికి ఏం కట్టుకుపోవాలి? ఇది జయప్రభకు సమాధానం అని కొందరన్నారు. నా లెక్కన సమాధానం కాదు, వేరే చోటు నుంచి వేసిన ప్రశ్న. ఒకే గుడ్డకు పైట అని ఒక పేరు, కొంగు అని ఒక పేరు. ఆ రెండు పేర్ల మధ్య ఉన్న దూరం పేరే కులం.

నైజా ఖాన్ ఉక్కు రవికను పైట వైపు నుంచి చూస్తే గొప్ప పని. కొంగు వైపు నుంచి చూస్తే ఏమవుతుంది?

ఇక్కడ చరిత్రలోకి కొంచెం వెనక్కి పోవాలి. తిరువాన్కూరు రాజ్యంలో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకునే హక్కు కోసం పందొమ్మిదో శతాబ్దంలో దశాబ్దాల పాటు కొట్లాడారు. నాడార్లు అంటరాని కులాల్లో చివరివాళ్లేం కాదు, అయినా పై కులాల ముందు ఛాతీ కప్పడం వాళ్లకు నేరమే. క్రైస్తవంలోకి మారిన నాడార్ స్త్రీలు రవిక తొడిగితే బజార్లో చింపేశారు. చివరికి 1859 జూలైలో రాజు ఒక ప్రకటన ఇచ్చాడు. కప్పుకోవచ్చు అన్నాడు. కానీ పై కులాల ఆడవాళ్లు కప్పుకునే పద్ధతిలో మాత్రం కప్పుకోకూడదు, ముతక గుడ్డ కట్టుకోండి అన్నాడు. ఈ షరతును నిదానంగా చదవాలి. ఇది సిగ్గు గురించిన చట్టం కాదు, అందం గురించిన చట్టం. గుడ్డ ఎంత మేర ఉండాలి, ఎంత ముతకగా ఉండాలి, భుజం మీద ఎట్లా పడాలి అన్నది రాజ్యం నిర్ణయించింది. పై కులం దానిలా కనపడే వీలు లేదు. అంటే అందాన్ని ఒక కులం ఆస్తిగా రాసిపెట్టి, దానికి కంచె వేసింది ఆ ప్రకటన. 'సౌందర్య ప్రమాణాలు' అని మనం సెమినార్లలో వాడే మాటకు ఇంతకన్నా స్పష్టమైన ప్రభుత్వ పత్రం నాకు దొరకలేదు.

తెలంగాణ పల్లెల్లో ఇది రాసిపెట్టిన చట్టం కాదు, నోటిమాటగా నడిచిన చట్టం. మా ఊరి ముసలమ్మలు చెప్పేవాళ్లు: గడీ ముందు నుంచి పోయేటప్పుడు చెప్పులు చేతపట్టుకోవాలి. రవిక తొడుక్కుని కాస్త నీటుగా పోయిందా, 'ఎవనికి సూపియ్యనీకె తయారైనవే' అని అరుగు మీద నుంచి మాట వచ్చేది. ఆ మాట వెనక ఏముందో అందరికీ తెలుసు. అందంగా ఉండడం ఒక కులం ఆడదానికి ధర్మం, ఇంకో కులం ఆడదానికి నేరం. ఆ నేరానికి శిక్ష ఏమిటో చెప్పక్కర్లేదు.

అదే కేరళలో 1915 నాటి ఇంకో సంగతి. పులయ స్త్రీలు మెడ నిండా రాతి పూసల దండలు వేసుకోవాలన్నది ఆచారం. మంచి నగలు వేసుకోవడానికి వీల్లేదు. ఆ పూసలు అలంకారం కోసం కాదు, దూరం నుంచే కులం కనిపించాలని. అయ్యంకాళి వాటిని తీసెయ్యమని పిలుపిచ్చాడు. కొల్లం దగ్గర పెరినాడ్‌లో పై కులాలవాళ్లు దళితుల మీద దాడులు చేశారు, గుడిసెలు తగలబెట్టారు. తర్వాత కొల్లంలో జరిగిన సభలో ఆడవాళ్లు మెడల్లోని దండలు తెంపి కుప్ప పోశారు. దీన్ని 'కల్లుమాల సమరం' అంటారు, రాళ్ల దండ పోరాటం అన్నమాట. ఆ కుప్పను ఏ గ్యాలరీ కూడా భద్రపరచలేదు. ఒంటి మీద వేసుకున్న శిల్పం అనే మాటకు అర్థం వెతకాలంటే నేను ముందు ఆ కుప్ప దగ్గరికే పోతాను. పులయ స్త్రీ తన శిల్పాన్ని తొడిగి చూపించలేదు, తీసి పడేసి చూపించింది.

పన్నెండేళ్ల తర్వాత, 1927 డిసెంబరులో మహద్‌లో మనుస్మృతిని తగలబెట్టిన రోజుల్లో, బాబాసాహెబ్ అంబేడ్కర్ అక్కడికి వచ్చిన ఆడవాళ్లతో ప్రత్యేకంగా మాట్లాడారు. మోకాళ్ల పైకి కట్టే చీరకట్టు మార్చుకోండి, మెడలోనూ మోచేతుల దాకానూ వేసుకునే ఆ చవక నగల బరువు తగ్గించుకోండి, మిమ్మల్ని అంటరానివాళ్లుగా గుర్తుపట్టడానికే అవి పనికొస్తున్నాయి అన్నారు. అక్కడి ఆడవాళ్లు వెంటనే కట్టు మార్చారు. అంబేడ్కర్ ఉద్యమంలో ఆడవాళ్లు చేసిన పనిని ఊర్మిళా పవార్, మీనాక్షి మూన్ ఊరూరా తిరిగి పోగుచేసి 1989లో మరాఠీలో పుస్తకం వేశారు. ఆడవాళ్ల నగల గురించి రాజకీయ నాయకుడు మాట్లాడడం ఏమిటి, అది మగపెత్తనం కాదా అని ఇవాళ అడిగేవాళ్లున్నారు. ఆ అడగడంలో కొంత న్యాయం లేకపోలేదు. ఏం కట్టుకోవాలో చెప్పింది మగవాడే, మార్చుకున్న కట్టు పై కులాల కట్టే. కానీ అప్పటిదాకా ఆ కట్టును నిర్ణయించింది ఎవరు అన్నది కూడా అదే గొంతుతో అడగాలి గదా. మహద్ ఆడవాళ్లు సొంతంగా ఎంచుకున్న వేషాన్ని ఎవరో వదిలించలేదు. ఒంటి మీద రుద్దిన గుర్తును వాళ్లే వదిలించుకున్నారు.

మా నాయనమ్మ కాళ్లకు కంచు కడియాలుండేవి. వెండివి కావు. మంచివేళల్లో ఒకసారి వెండివి చేయించుకుందట, అవి కరువు ఏడు షావుకారు కొట్లోకి పోయి తిరిగి రాలేదు. చేతి మీద పచ్చబొట్టు చూపించి 'ఇది ఒక్కటే ఎవడూ కుదువ పెట్టుకోలేడు' అనేది. లోహాలకు కూడా కులం ఉంటుందని నాకు పుస్తకాలు చదవక ముందే అట్లా తెలిసింది. అందుకే ఒక కళాకారిణి నగను ఇనుముతో చేసి, చూడండి ఎంత బరువో అంటే, ఆ మాట నాకు సగమే తాకుతుంది. బంగారం బరువు గురించిన ఫిర్యాదు అది. బంగారం లేనితనం బరువు అందులో లేదు.

ఇక ఝాన్సీ రాణి దగ్గరికి వద్దాం. సరిహద్దు అవతలి కళాకారిణి ఇవతలి రాణికి కవచం చేయడం చిన్న విషయం కాదు, ఆ తెగువకు దండం పెట్టొచ్చు. కానీ రాణి వేషం గురించి మనవాళ్ల దగ్గర ఇంకో కథ ఉంది. ఝాన్సీ దగ్గర భోజ్‌లా ఊరి కోరీ కులం స్త్రీ ఝల్కారీబాయి. కోరీలు నేతపనివాళ్లు, ఉత్తరాది దళిత కులం. రాణి దగ్గరి ఆడవాళ్ల దళంలో ఆమె సైనికురాలు. 1858లో ఇంగ్లీషు సేన కోటను చుట్టుముట్టినప్పుడు, ఝల్కారీ రాణి బట్టలు కట్టుకుని, రాణిలా తయారై శత్రువుల ఎదుటికి పోయిందనీ, ఆ అదనులో రాణి తప్పించుకుందనీ బుందేల్‌ఖండ్ దళితులు చెప్పుకుంటారు. వృందావన్‌లాల్ వర్మ 1946 నాటి హిందీ నవలలో ఆమె ఒక చిన్న పాత్ర. తర్వాత దళిత రచయితలు, కరపత్రాలు, నాటకాలు, విగ్రహాలు ఆమెను మళ్లీ నిలబెట్టాయి. 2001లో తపాలాశాఖ ఆమె పేరున బిళ్ల కూడా వేసింది. బద్రీ నారాయణ్, చారు గుప్తా వంటి పరిశోధకులు ఈ వీరనారుల కథల మీద వివరంగా రాశారు. కంపెనీ కాగితాల్లో ఎంత ఉంది, జనం నోట ఎంత ఉంది అనే తగవు చరిత్రకారులది. ఒక జాతి తన గురించి ఏం చెప్పుకోవాలనుకుంటున్నదో మనకు అది ముఖ్యం.

ఈ కథ పక్కన పెట్టి చూస్తే ఆ కవచం వేరేగా కనిపిస్తుంది. రాణి దుస్తుల్ని నిజంగా ప్రాణం మీదికి తెచ్చుకుని తొడుక్కున్నది రాణి కాదు. బ్రాహ్మణ రాణి విడిచిన బట్టను కోరీ స్త్రీ తొడుక్కుంది. అది అందం కోసం కాదు, కొలతకు తగ్గి రావడం కోసం కాదు, ఇంకొకరి చావును తన ఒంటి మీదికి తీసుకోవడం కోసం. నైజా ఖాన్ శిల్పంలో అడుగుతున్న ప్రశ్న: కవచం స్త్రీని కాపాడుతున్నదా, బంధిస్తున్నదా? ఝల్కారీ వైపు నుంచి ఆ ప్రశ్నే తప్పు. ఆమె వేసుకున్నది కాపాడింది, కానీ కాపాడింది వేరొకరిని.

ఈ కథలో అందం సంగతి కూడా ఉంది, దాన్ని మనవాళ్లు సరిగా పట్టించుకోలేదు. ఝల్కారీకి రాణి పోలిక ఉందని చెబుతారు. చూసినవాళ్లు గుర్తుపట్టలేనంత పోలిక అంటారు. దళిత స్త్రీ అందాన్ని చెప్పాలంటే రాణిలా ఉంది అనాల్సి వచ్చింది. ఆమె ఆమెలాగే ఉండి అందంగా ఉండడానికి కథలోనే చోటు లేకపోయింది. మనం ఊరూరా నిలబెట్టే విగ్రహాలకు కూడా ఈ చిక్కు తప్పలేదు. గుర్రం, కత్తి, బిగించిన చీర అన్నీ రాణి బొమ్మ నుంచి వచ్చినవే. నేతగాళ్ల ఇంటి బిడ్డకు నూలు వాసన లేకుండా పోయింది. ఈ మాట అనడం మనవాళ్లకు కొందరికి కష్టంగా ఉంటుంది. ఉన్నా అనాలి. పై కులాల కొలత నైజా ఖాన్ రేకులోనే కాదు, మన కాంక్రీటు విగ్రహాల్లో కూడా ఉంది.

ఉక్కు, ఈకలు, తోలు అని మొదట్లో రాశాను. చూసేవాళ్లంతా ఉక్కు గురించే మాట్లాడతారు. మెరుస్తుంది, చల్లగా ఉంటుంది, ఆడతనానికి ఎదురుగా ఉంటుంది, మాట్లాడడానికి సులువు. నాకు మూడో మాట దగ్గర కన్ను ఆగింది. తోలు అన్న మాట చదివితే మాదిగ ఇంట పుట్టినవాడికి ముందు ముక్కుకు తెలుస్తుంది. లంద గుంట, సున్నం, తంగేడు చెక్క నానిన నీళ్లు. ఆ నీళ్లలో చేతులు పెట్టిన మా తాతల చేతుల రంగు జీవితాంతం పోలేదు. లంద పనిలో ఆడవాళ్లు కూడా ఉన్నారు, తోళ్లు మోశారు, ఉతికారు. తోలు అంటిన చేతిని ఊరు అందమైన చెయ్యి అనదు. ఆ తోలే నునుపు తేలి రాణి కవచానికి పట్టీ అయితే కళ అవుతుంది. చర్మం చర్మంగా ఉన్నప్పుడు మైల, వస్తువైనాక సొగసు. ఈ మధ్యలో ఎవరి ఒళ్లు ఖర్చయింది అన్నది ప్రదర్శనశాల చీటీలో పట్టని వివరం. ఆ 2008 నాటి లండన్ ప్రదర్శనకు 'ఆమె తొడుక్కున్న చర్మం' అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. చర్మం అన్న మాటను అంత దగ్గరగా పెట్టుకుని కూడా చర్మకారుల వైపు చూడకుండా దాటిపోవడం సాధ్యమే అని దీన్నిబట్టి తెలుస్తుంది.

బంగ్లాదేశ్ కళాకారిణి తయ్యబా బేగం లిపి పని ఇంకోరకం. గైబాంధాలో 1969లో పుట్టిన ఆమె స్టెయిన్‌లెస్ స్టీలు గడ్డం బ్లేడుల్ని వరసలుగా కలిపి బ్రాలు, చెప్పులు, మంచాలు చేస్తారు. 2011లో వెనిస్ బియెన్నాలేలో బంగ్లాదేశ్ తరఫున ఆ బ్లేడు లోదుస్తుల్ని పెట్టారు. దూరం నుంచి వెండి అల్లికలా తళతళలాడతాయి, దగ్గరికి పోతే చెయ్యి వెనక్కి వస్తుంది. అందం కోసే వస్తువు అని ఒక్క చూపులో అర్థమవుతుంది. కానీ ఆమె బ్లేడును ఎంచుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఊళ్లో ఇంటి కాన్పుల్లో మంత్రసాని చేతిలో ఉండే పనిముట్టు బ్లేడే. పన్నెండుమంది పిల్లల ఇంట్లో పెరిగిన మనిషి ఆమె, ఆ జ్ఞాపకం శిల్పంలోకి వచ్చింది.

ఈ జ్ఞాపకం నన్ను నైజా ఖాన్ ఉక్కు కన్నా ఎక్కువ కదిలించింది. రొమ్మును అందపు వస్తువుగా చూపే బట్టలోకి ప్రసవం నాటి నెత్తురును ఆమె తెచ్చిపెట్టారు. ఇక్కడ అందం ఎదుట పని నిలబడింది. అయితే ఆ బ్లేడు పట్టిన చెయ్యి ఎవరిది? పాట్రీషియా జెఫ్రీ, రోజర్ జెఫ్రీ, ఆండ్రూ లయన్ ఉత్తరప్రదేశ్ బిజ్నోర్ పల్లెల్లో కాన్పుల మీద పరిశోధన చేసి 1989లో పుస్తకం వేశారు. బొడ్డు కోయడం, మాయ తీసి పాతడం, నెత్తురు గుడ్డలు శుభ్రం చేయడం మైల పని కాబట్టి అది అడుగు కులాల దాయీల పాలిట పడిందని అందులో ఉంది. మా వైపు పల్లెల్లోనూ మంగలి, మాల, మాదిగ ఆడవాళ్లే చాలాచోట్ల ఆ పని చేశారు. దొరసాని ఒంటిని అత్యంత దగ్గరగా చూసింది, ముట్టుకుంది వాళ్లే. ఆ మూడు రోజులూ అంటు ఉండదు, పురుడు తీరి స్నానం అయ్యాక గడప బయటే నూకలు పోస్తారు. లిపి బ్లేడు ఆ గడప దాకా తీసుకొచ్చి ఆగిపోయింది. ఆగిపోయినా సరే, దారి సరైనదే అని నా అభిప్రాయం. ఆ దారిన ఇంకో నాలుగడుగులు వేస్తే మంత్రసాని ఒళ్లు కనిపిస్తుంది.

ప్రతి కళాకారిణినీ కులం గురించి అడుగుతారా, ఆమె తన అనుభవంలోంచే గదా చేస్తుంది అని ఒక మాట వినిపిస్తుంది. నిజమే, ఎవరి అనుభవం వాళ్లది. నైజా ఖాన్‌ను మన కథ చెప్పమని ఎవరూ అడగడం లేదు. మన అభ్యంతరం ఆమె మీద కన్నా ఆమెను పరిచయం చేసేవాళ్ల మీద ఎక్కువ. ఒక తరగతి స్త్రీ అనుభవాన్ని ఉపఖండం మొత్తానికి కొలతగా పెట్టి, దక్షిణాసియా స్త్రీ శరీరం ఇదీ అని తీర్మానించడం మీద. పైగా కులం ముస్లిం సమాజాల్లో లేదు, పాకిస్తాన్‌లో లేదు అనే ధీమా ఒకటి. కరాచీ, లాహోర్ వీధులు ఊడ్చే, మురుగు ఎత్తే పారిశుధ్య కార్మికుల్లో ఎక్కువమంది క్రైస్తవులు. వాళ్లలో చాలామంది ఒకప్పటి చుహ్రా కులం వారసులు. కులం మతం మారినా చీపురు మారలేదు.

ఇంకా దగ్గరి ఉదాహరణ కరాచీ ఉన్న సింధ్ రాష్ట్రంలోనే ఉంది. థార్ ఎడారి ప్రాంతంలో కోల్హీ, భీల్, మేఘ్వార్ కులాల ఆడవాళ్లు ముంజేతి నుంచి భుజం దాకా తెల్లగాజులు వేసుకుంటారు. పూర్వం ఎముకవో దంతంవో ఉండేవి, ఇప్పుడు ప్లాస్టిక్‌వి. ఇవి పాకిస్తాన్‌లో షెడ్యూల్డు కులాలు. చెయ్యంతా కప్పేసిన ఆ గాజుల్ని చూస్తే కవచం అనే మాట దానంతట అదే వస్తుంది. ఆ ప్రాంతంలోని నగర్‌పార్కర్ నుంచి వచ్చిన కృష్ణకుమారి కోహ్లీ చిన్నతనంలో దాదాపు మూడేళ్లు ఒక భూస్వామి సొంత జైల్లో కుటుంబంతో సహా వెట్టిలో బందీగా ఉన్నారు. 2018 మార్చిలో ఆమె పాకిస్తాన్ సెనేటుకు ఎన్నికయ్యారు. ప్రమాణం చేయడానికి థార్ సంప్రదాయ దుస్తుల్లోనే వచ్చారు. మహద్ ఆడవాళ్లు గుర్తును తీసేసి మనుషులుగా నిలబడ్డారు, ఈమె గుర్తును వేసుకునే సెనేటులోకి నడిచారు. ఈ రెంటిలో ఏది సరైంది అని తీర్పు చెప్పడం నాకు చేతకాదు, అక్కర్లేదు కూడా. 1927లో తీసెయ్యడానికి కారణాలున్నాయి, 2018లో వేసుకోవడానికి ఉన్నాయి.

కోల్హీ ఆడవాళ్లు ఆ గాజులతోనే పత్తి ఏరతారు. ఉల్లిగడ్డలు తవ్వుతారు, నీళ్లు మోస్తారు. గాజులు భుజం దాకా ఉన్నా మోచేతి దగ్గర మాత్రం ఖాళీ వదిలి వేసుకుంటారు, లేకపోతే చెయ్యి మడత పడదు. నైజా ఖాన్ తన ఉక్కు రేకును వీళ్లలో ఒక మనిషి కొలతకు వంచి ఉంటే, మోచేతి దగ్గర కీలు, నడుం దగ్గర ఇంకో కీలు తప్పకుండా పెట్టాల్సి వచ్చేది.